సమస్య: «పన్నులేని దొరయె పన్ను వేసె»

నిర్వాహకుడు, బరంపురం: ఈసారి అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ మీదే పూరించాలి. హిరణ్యకశిపుడి సభలోకి పారిపోతే ఒప్పుకోను.

రాయగడ మాష్టారు:
సుంకమేల యనుచు సూటిగా పోరాడి
గద్దెనెక్కినంత గట్టి సరుకు
మీద నప్పు తీర్చ మిషజెప్పి మెల్లగా
పన్నులేని దొరయె పన్ను వేసె.

స్వాతంత్ర్య యుద్ధం అప్పులకని 1791లో వేసిన విస్కీ సుంకం ఇది. పెన్సిల్వేనియా రైతులు తిరగబడితే 1794లో దాదాపు 13 వేలమంది సైన్యంతో ఆయనే బయల్దేరాడు.

గుణుపురం పళ్ళడాక్టరు: చమత్కారం సరే, కాలం కుదర్లేదు మాష్టారూ. 1789లో ప్రమాణం చేసేనాటికి ఆయనకు సొంత పన్ను ఒకటుంది. ఆయన పళ్ళవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్ నీటిగుర్రం దంతంతో కట్టుడు పళ్ళ సెట్టు చెక్కి, ఆ పన్ను దూరడానికి కన్నం విడిచాడు. 1796లో దాన్నీ పీకాకే ‘పన్నులేని దొర’. పైగా ‘సూటిగాఁ బోరాడి’ అనాలి. నాది చూడండి:

తొమ్మి దంతములకు దొడ్డమనసుతోడ
నాణెములను రాల్చి నల్లవారి
నోటి పండ్లమీద నొప్పి చూడకె తాను
పన్నులేని దొరయె పన్ను వేసె.

1784 నాటి ఆయన చిట్టాలో బానిసల 9 పళ్ళకు 6 పౌన్లు 2 షిల్లింగులని రాసుంది. అవి ఆయన నోట్లోకే వెళ్ళాయని చిట్టా చెప్పదు, నేనూ చెప్పలేదు.

పర్లాకిమిడి పంతులు: కర్రపళ్ళంటారు కదండీ?

గుణుపురం పళ్ళడాక్టరు: ఏ సెట్టులోనూ కర్ర లేదు. దంతం సన్న పగుళ్ళలోకి మరక దిగితే చెక్క చారల్లా కనిపిస్తుంది. పోర్టు వైన్ వల్లే నల్లబడ్డాయని 1798లో గ్రీన్‌వుడ్ ఉత్తరమే రాశాడు. పై సెట్టుకీ కింది సెట్టుకీ మధ్య స్ప్రింగులు. దవడ బిగించకపోతే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. బొమ్మల్లో ఆ మూతి అందుకే అలా ఉంటుంది.

రాయగడ మాష్టారు: అంతా బాగుంది. ‘తొమ్మి దంతములు’ ఏమిటి, ఆ ‘ది’ ఎవరు పీకారు డాక్టరుగారూ? 1791లో ఒక పన్నుందని నన్ను పట్టుకున్నారు, 1784లో అంతకు తక్కువుండవు కదా! మీ వెనకటి హీరాకుడ్ పూరణలో మహానదిని తీసుకెళ్ళి వంశధారలో కలిపిన చెయ్యే ఇదీ.

గుణుపురం పళ్ళడాక్టరు: అది గణం కోసం. ఎన్నిసార్లు తవ్వుతారు?

పర్లాకిమిడి పంతులు: ‘తొమ్మిదింటి వెలకు దొడ్డమనసుతోడ’ అంటే ‘ది’ వచ్చేస్తుంది, గణమూ తప్పదు, యతీ కదలదు.

గుణుపురం పళ్ళడాక్టరు: పెట్టేశాను. 1784 సంగతికి మాత్రం జవాబు లేదు.

రాయగడ మాష్టారు: సవరణ పంతులుగారిది, పద్యం మీది. మార్కులు ఎవరి ఖాతాలో వేస్తారు, బరంపురం వారూ?