జూమ్ చేసే మెట్రో మ్యాప్: ఇంక్‌స్కేప్‌లో గీయాలా, క్రితాలోనా?

ప్రశ్న: బెంగళూరు నమ్మ మెట్రో మ్యాప్‌ను తెలుగు పేర్లతో వెబ్‌పేజీలో పెట్టాలి. ఫోన్‌లో ఎంత పెద్దది చేసినా అక్షరాలు మసకబారకూడదు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల వాటర్‌కలర్ బొమ్మలు కూడా ఉండాలి. గీతలు గీసే ప్రోగ్రామ్ ఇంక్‌స్కేప్, రంగులు వేసే ప్రోగ్రామ్ క్రితా, ఈ రెండిట్లో దేనిలో గీయమంటారు?

జవాబు 1: గీతలు, స్టేషన్ గుర్తులు, పేర్లు వెక్టరేనండి (పిక్సెళ్లతో కాక గణిత రేఖలతో గీసే బొమ్మ, ఎంత పెంచినా మసకబారదు), ఇందులో రెండో మాట లేదు. ఇంక్‌స్కేప్‌లో గీసి ‘ప్లెయిన్ ఎస్‌వీజీ’గా (వెబ్‌లో వాడే వెక్టర్ ఫైల్) సేవ్ చేయండి. ఫైల్‌లో వ్యూబాక్స్ (బొమ్మ కొలతల చట్రాన్ని చెప్పే కోడ్) ఉండాలి. అది లేకపోతే బొమ్మ సాగదు, అంచులు తెగిపోతాయి.

అసలు చిక్కు తెలుగు అక్షరాలతో. ఎస్‌వీజీని ఇమేజ్ ట్యాగ్‌తో పెడితే బయటి వెబ్‌ఫాంట్ లోడ్ కాదు. చూసేవాళ్ల ఫోన్‌లో ఉన్న ఫాంటే పడుతుంది, వెడల్పు మారి పేర్లు గీతల మీదికి ఎక్కుతాయి. అక్షరాలను పాత్‌లుగా (వట్టి గీతల ఆకారాలుగా) మారిస్తే ఆకారం నిలుస్తుంది గానీ పేజీలో వెతికితే దొరకవు, స్క్రీన్ రీడర్ చదవలేదు. అందుకే ఎస్‌వీజీ కోడ్‌ను నేరుగా హెచ్‌టీఎంఎల్‌లో పెట్టి వెబ్‌ఫాంట్ ఇవ్వడం మేలు.

జవాబు 2: పై మాటే నాదీ. పార్కులకి మాత్రం క్రితా వాడండి. వాటర్‌కలర్‌ను ట్రేస్ చేసి వెక్టర్ చేయొద్దు, వేల నోడ్లు (గీతలను కలిపే బిందువులు) పుట్టి మామూలు ఫోన్‌లో జూమ్ నత్తనడక నడుస్తుంది. తెరపై బొమ్మ వెడల్పు 100 పిక్సెళ్లు, జూమ్ 4 రెట్లు, ఫోన్ పిక్సెల్ రేషియో (వెబ్‌పేజీ లెక్కలోని ఒక పిక్సెల్ వెడల్పుకి తెర మీది అసలు పిక్సెళ్లు) 3 అయితే 1,200 పిక్సెళ్లు కావాలి. వెబ్‌పీగా (వెబ్ కోసం సైజు తగ్గించే ఇమేజ్ ఫార్మాట్) మార్చి గీతల కింది లేయర్‌లో లింక్ చేయండి.

ప్రశ్న అడిగినవారు: లింకా, ఎంబెడ్డా (బొమ్మను ఎస్‌వీజీ లోపలే పెట్టడమా)?

జవాబు 2: లింకేనండి. ఎంబెడ్ చేస్తే బేస్64 (బొమ్మను అక్షరాలుగా రాసే పద్ధతి) వల్ల బొమ్మ సైజు మూడో వంతు పెరుగుతుంది.