బత్తాయి రసం ముందా, వైన్ ముందా? గ్లాసుల ఏది మొదలు పోయాలె

నల్గొండ_బత్తాయి:
స్పార్క్లింగ్ వైన్‌ల (బుడగలొచ్చే వైన్) పండ్ల రసం కలిపి ఇంట్ల కాక్‌టెయిల్ చేసేటోళ్లకు ఎప్పటికీ తెగని పంచాయితీ ఇది. నా మాట: వైనే ముందు. బత్తాయి రసంల చక్కెర ఉంటది, లీటరు రసం కిలో కంటె 40 గ్రాముల దాకా ఎక్కువ తూగుతది. బ్రూట్ వైన్, అంటే తీపి తక్కువుండే రకం, లీటరు కిలోకు అటు ఇటు. బరువైంది పైనుంచి పోస్తే కిందికి దిగుకుంట అదే కలుస్తది, చెంచా పని లేదు. రసం అడుగునుంటే వైన్ పడంగనే పొంగి బల్ల మీదికొస్తది. 150 మి.లీ. గ్లాసుకు వైన్ 90, వడగట్టిన రసం 60.

పాలమూరు_సీతాఫలం:
ఒప్పుకోనన్నా. ఈ జాతి కాక్‌టెయిల్స్‌ల పేరున్నది బెల్లినీ. వెనిస్‌ల హ్యారీస్ బార్ పెట్టిన జుజెప్పె చిప్రియానీ చేసిండు, జొవాన్నీ బెల్లినీ అనే చిత్రకారుని పేరు పెట్టిండు. తెల్ల పీచ్ పండు గుజ్జు 50 మి.లీ., ప్రొసెక్కో అనే ఇటలీ స్పార్క్లింగ్ వైన్ 100. గుజ్జే ముందు. ఎందుకంటే చిక్కటి గుజ్జును వైన్ మీద వేస్తే ముద్దలెక్క అడుగుకు పోయి కూసుంటది. దాన్ని కలపాలంటే గట్టిగ తిప్పాలె, తిప్పితే గ్యాస్ పోతది. గుజ్జు మీద ముందు 20 మి.లీ. వైన్ పోసి పలచగ చేసుకోవాలె. తర్వాత గ్లాసు వంచి, గోడ వెంబడి రెండు మూడు దఫాలుగ మిగతాది పోయాలె. నురుగు దిగేదాక ఆగి మళ్ల పోస్తే పొంగదు.

కొల్లాపూర్_బేనిషాన్:
ఇద్దరు చెప్పేది వేర్వేరు సరుకు గురించి. చెంచాతో ఎత్తి వంచుండ్రి. నీళ్లలెక్క కారితే అది రసం, దాన్ని వైన్ పోసినంక పోయొచ్చు. జారి ముద్దగ పడితే గుజ్జు, అదే ముందు.

మామిడికైతే నా లెక్క ఇది. బేనిషాన్ గుజ్జు 200 గ్రాములు, చల్లటి నీళ్లు 40 మి.లీ., నిమ్మరసం 10 మి.లీ. మిక్సీల అర నిమిషం, సన్న జాలిల వడగట్టుడు, తర్వాత ఫ్రిజ్‌ల గంట. ఆ గంట శానమంది వదిలేస్తరు. మిక్సీ తిరిగినప్పుడు గుజ్జుల గాలి చేరుతది, ఆ గాలి బుడగలను పట్టుకొనే వైన్‌ల గ్యాస్ బయటికొస్తది. పీచు గూడ అదే పని చేస్తది. అందుకే పీచు ఎక్కువుండే రసాల మామిడి దీనికి పనికిరాదు, తిననీకె ఎంత మంచిదైనా సరే. ఒక గ్లాసుకు గుజ్జు 40, వైన్ 110.

సీసా కొనేటప్పుడు బ్రూట్ అని చూసుకోండ్రి, లీటరుకు 12 గ్రాముల లోపే చక్కెర. ఎక్స్‌ట్రా డ్రై అన్న పేరు చూసి మోసపోవద్దు, అది బ్రూట్ కంటె తీపి, 12 నుంచి 17 గ్రాములు. మాగిన మామిడికి అది తోడైతే పానకమే.

మిర్యాలగూడ_గ్లాసు:
ఏది ముందు అనేది సగం మాటే. పొంగుడు అసలు వేడితోని వస్తది. వైన్ వేడెక్కినకొద్ది గ్యాస్ దాంట్ల నిలవదు. వైన్ 6 నుంచి 8 డిగ్రీలుండాలె, రసం, గ్లాసు గూడ చల్లగుండాలె. ఫ్రిజ్‌ల మూడు నాలుగు గంటలు, లేకుంటె బకెట్ల ఐసు, నీళ్లు, పిడికెడు ఉప్పు వేసి సీసా అరగంట ముంచాలె. ఫ్రీజర్‌ల పెట్టి మర్చిపోతే సీసా పగులుతది. గ్లాసుల ఐసు ముక్కలు వద్దు, రుచి పలచబడతది, నురుగు ఎక్కువైతది.

బిరడా తీసేటప్పుడు మనిషి దిక్కు పెట్టొద్దు. లోపల గ్యాస్ ఒత్తిడి కారు టైరుల గాలి కంటె రెట్టింపు. బిరడాకు చుట్టిన తీగ వదులు చేసినంక బొటనవేలు బిరడా మీదనే ఉండాలె. సీసా వంచి, బిరడా గట్టిగ పట్టుకొని సీసాను తిప్పాలె. టప్పుమని ఎగిరితే సగం నురుగు నేలపాలు.

దేవరకొండ_వంట:
అక్కా, సీతాఫలంతోని గూడ అయితదా? తాగనోళ్లకు ఏం పోయాలె?

పాలమూరు_సీతాఫలం:
అయితది, కానీ శ్రద్ధ కావాలె. గింజలు విషం, మిక్సీల పడనీయొద్దు. గుజ్జును జల్లెడ మీద చేత్తోనే రుద్దాలె. ఇసుకలెక్క తగిలే పలుకులు జల్లెడల ఆగుతయి. 100 గ్రాముల గుజ్జుకు వెంటనే 5 మి.లీ. నిమ్మరసం కలపకుంటె నల్లబడతది. పొయ్యి మీద పెట్టొద్దు, చేదెక్కుతది. గ్లాసుకు 30 మి.లీ. చాలు.

తాగనోళ్లకు, 21 ఏండ్లు నిండనోళ్లకు అదే కొలతల వైన్ బదులు చల్లటి సోడా. అప్పుడు నిమ్మరసం ఇంకో అర చెంచా పెంచాలె, వైన్‌లుండే పులుపు సోడాల ఉండదు.

నల్గొండ_బత్తాయి:
గుజ్జు సంగతి ఒప్పుకుంటున్న, అది ముందే పోయాలె. బత్తాయి మీద మాత్రం నా మాట మారదు.

బత్తాయిని పాడుచేసేది ఇంకోటున్నది, చేదు. పొద్దున రసం తీసి పెట్టి రాత్రికి పోస్తరు. తొనల మీది పొరల, గింజలల్ల ఉండే పదార్థం రసంల పులుపు తగిలి మెల్లగ లిమొనిన్ అయితది, అదే చేదు. తొక్క తీసి తొనలు మిక్సీల వేస్తే ఇంకా ఎక్కువ. అడ్డంగ కోసి, పిండే గిన్నె మీద మెత్తగ తిప్పాలె, తెల్ల పొర దాక ఒత్తొద్దు. పండ్లు ముందు రోజే ఫ్రిజ్‌ల పెట్టి, బిరడా తీసే పావుగంట ముందు పిండుకోండ్రి.

కొల్లాపూర్_బేనిషాన్:
మిమోసా అనే నారింజ రసం కాక్‌టెయిల్‌ల రసం, వైన్ సమానంగ 75, 75 పోస్తరు కదన్నా. నీ 60 ఎందుకు?

నల్గొండ_బత్తాయి:
అది నారింజ లెక్క తమ్ముడూ. బత్తాయిల పులుపు తక్కువ, సగానికి సగం పోస్తే చప్పగుంటది. 75 కావాలంటే గ్లాసుకు 5 మి.లీ. నిమ్మరసం కలుపు. 90 చొప్పున పోస్తే 750 మి.లీ. సీసా ఎనిమిది గ్లాసులకొస్తది, 75 అయితే పదికి. ఎంత పోసినా వైనే ముందు.