కొత్త రైళ్లు వచ్చినా షెడ్డులోనే ఎందుకు ఉంటున్నాయి?

నిత్యప్రయాణికురాలు:
మా లైనుకు కొత్త లోకల్ రైళ్లు వచ్చాయని పత్రికల్లో చదివి నెలలు గడిచాయి. ఇప్పటికీ అవి షెడ్డు పక్క పట్టాల మీదే కనిపిస్తున్నాయి. అర్ధరాత్రి దాటాక ఖాళీగా తిరుగుతాయట. మేము మాత్రం పాత బోగీల్లో ఒంటికాలి మీద నిలబడి వెళ్తున్నాం. ఇది నిజంగా పనా, నిర్లక్ష్యమా? తెలిసినవారు చెప్పండి.

షెడ్డు మేస్త్రి:
చాలావరకు పనేనమ్మా. నేను లోకల్ రైళ్లు బాగుచేసే కార్ షెడ్డులోనే పనిచేసి రిటైరయ్యాను. రాత్రి తిరిగేది ఖాళీ రైలు కాదు. సీట్ల మధ్య ఇసుక బస్తాలు పేర్చి, కిక్కిరిసిన రైలు ఎంత బరువు ఉంటుందో అంత బరువు ఎక్కిస్తారు. బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందో కొలుస్తారు. పట్టాలు తడిపి మళ్లీ కొలుస్తారు.

అసలు ఓపిక కావలసింది సిగ్నళ్ల దగ్గర. చాలా లైన్లలో రైలు ఎక్కడుందో సిగ్నలుకు తెలిసేది పట్టాల్లో పారే చిన్నపాటి కరెంటు వల్లే. చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలపగానే రిలేకు, అంటే సిగ్నలును మార్చే స్విచ్చుకు, ఆ కరెంటు అందదు, వెనక సిగ్నలు ఎరుపుకు మారుతుంది. కొత్త రైళ్లలో మోటార్లకు కరెంటు అందించే ఇన్వర్టర్ల నుంచి రకరకాల ఫ్రీక్వెన్సీల కరెంటు అవే పట్టాల్లోకి చేరుతుంది. అందులో ఒక్కటి సిగ్నలు ఫ్రీక్వెన్సీతో కలిసినా, రైలు నిలబడి ఉన్న చోటు ఖాళీగా ఉందని రిలే పొరబడవచ్చు. అందుకే వేగం అందుకునేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు, ఒక మోటారు ఆపేసి నడిపేటప్పుడు కూడా కొలవాలి. ఈ పరీక్షను త్వరగా ముగించమని ఎవరైనా ఒత్తిడి తెస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పట్టాలపిచ్చి:
మేస్త్రి గారి మాట కాదనను గానీ, అన్ని ఆలస్యాలూ ఆ లెక్కలోకి రావు. ముంబై తొలి ఏసీ లోకల్ చెన్నైలోని రైలు బోగీల కర్మాగారం ఐసీఎఫ్‌లో తయారై 2016లో కుర్లా షెడ్డుకు చేరింది. మధ్య రైల్వే మార్గంలోని పాత వంతెనల కింద నుంచి వెళ్లడానికి దాని ఎత్తు అడ్డొచ్చింది. చివరికి పశ్చిమ రైల్వేకు ఇచ్చారు. ప్రయాణికులు ఎక్కింది 2017 డిసెంబరు 25న. ఫ్రాన్సులోనైతే ప్రాంతీయ రైళ్లు కొత్త ప్లాట్‌ఫారాల కొలతలకు సరిపోయాయి, పాత ప్లాట్‌ఫారాలకు మాత్రం ఆ రైళ్ల వెడల్పు ఎక్కువైంది. దాదాపు 1,300 ప్లాట్‌ఫారాల అంచులు చెక్కాల్సి వస్తుందని 2014లో బయటపడింది. టేపు పట్టుకుని ముందే కొలవాల్సిన పని అది. దీన్ని నిర్లక్ష్యమనే అంటాను.

నిత్యప్రయాణికురాలు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మొదలయ్యాక అయినా సాఫీగా నడుస్తాయా?

షెడ్డు మేస్త్రి:
మొదటి నెలల్లో తలుపులతోనే తంటా. ఒక్క తలుపు సరిగా మూసుకున్నట్టు సంకేతం రాకపోతే మోటార్లకు కరెంటు అందదు, రైలు కదలదు. జనం లేని రైలుతో ఎన్ని పరీక్షలు చేసినా, రద్దీ వేళ జనం ఆనుకుని నిలబడితే తలుపు ఎలా ప్రవర్తిస్తుందో పూర్తిగా తెలియదు. సెన్సర్ సరిచేయడం, సాఫ్ట్‌వేర్ మార్చడం అప్పుడే జరుగుతాయి. అంతవరకు పాత రైళ్లు కొన్నయినా సిద్ధంగా ఉండాలి. మీ ప్రయాణికుల సంఘం తరఫున అధికారులను కలిస్తే, కొత్తవి ఎప్పుడు మొదలవుతాయని కాదు, పాతవాటిని ఎప్పుడు తుక్కుకు పంపుతారని అడగండి.