సంరక్షణ జాబితాలో ఉన్న పాత ఇంటికి లిఫ్ట్ పెట్టుకుంటే తప్పా?

మూడోమెట్టు:
మా ఇల్లు తొంభై ఏళ్ల నాటిది, సంరక్షణ జాబితాలో ఉంది. అమ్మ గది పై అంతస్తులో. మోకాళ్లు పోయాయి, మెట్లు దిగి ఏడు నెలలైంది. లిఫ్ట్ కోసం అర్జీ పెడితే రెండేళ్లు తిప్పి, 'మూల స్వరూపం దెబ్బతింటుంది' అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపారు. అంతకుముందు కింది గది గోడకు చెమ్మ వస్తోందని సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే దానికీ నోటీసు. ఆ ఇంట్లో ఉండేది మేము. ఏం కావాలో చెప్పేది ఇంకెవరో!

డంగుసున్నం:
నోటీసు ఇవ్వాల్సిందే. అలాంటి పాత గోడకు పునాదిలో చెమ్మను ఆపే పొర మామూలుగా ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కి, సున్నపు పూతలోంచి గాలికి ఆరిపోతూ ఉంటుంది. మీరు సిమెంటుతో ఆ దారి మూసేశారు. ఇక తడి పైకి ఎక్కుతుంది. ఇప్పుడు పూత అంచు పైన తెల్లగా ఉప్పు పొడి రాలుతోందా? వేలితో తట్టితే డొల్ల మోత వస్తోందా?

మూడోమెట్టు:
రాలుతోంది, వస్తోంది. నేను అడిగింది లిఫ్ట్ గురించి.

కిటికీ_రెక్క:
మా ఇంట్లోనూ సిమెంటే వేశాం. పదేళ్లయింది, ఏమీ కాలేదే?

డంగుసున్నం:
మీ ఇల్లు కట్టిందే సిమెంటుతో అయ్యుంటుంది.

లిఫ్ట్ సంగతికి వద్దాం. మెట్లు కొట్టేసి ఆ చోటే లిఫ్ట్ తిరిగే గూడు వేస్తామని ప్లాను ఇచ్చారా? అయితే నేనైనా కుదరదనే అంటాను. పాత కట్టడాలను ఎలా కాపాడాలో చెప్పే అంతర్జాతీయ ఒప్పంద పత్రం, 1964 నాటి వెనిస్ ఛార్టర్, ఐదో అధికరణం చూడండి. పాత కట్టడాన్ని సమాజానికి పనికొచ్చేలా వాడుకోవడం మంచిదే, దాని కోసం అమరికను, అలంకరణను మార్చకూడదు అంటుంది.

మూడోమెట్టు:
అది స్మారక కట్టడాలకు రాసుకున్నది. మాది స్నానాల గది పైపు కారే ఇల్లు.

లండన్‌లో బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రంలో యంత్రాలు పీకేసి 2000లో టేట్ మోడరన్ మ్యూజియం తెరిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్లు చేస్తే పునర్వినియోగం, నేను చేస్తే ధ్వంసమా?

చల్లగాలి:
ఫ్రాన్స్‌లోని బోర్డోలో 530 ఫ్లాట్లున్న పాత బ్లాకులను కూల్చకుండా, జనాన్ని ఖాళీ చేయించకుండా, బయటివైపు కొత్త గదుల వరుస తగిలించి పెద్దవి చేశారు. ఆ ఆర్కిటెక్టులకే 2021లో ఆర్కిటెక్చర్‌లో పెద్ద అవార్డు ప్రిట్జ్‌కర్ వచ్చింది. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు వాటా సుమారు 8 శాతం. ఉన్నదాన్ని మార్చుకోనివ్వకపోతే జనం కూల్చి మళ్లీ సిమెంటుతో కట్టడానికే చూస్తారు.

డంగుసున్నం:
మార్చుకోనివ్వొద్దని నేనెక్కడ అన్నాను? ఎక్కడ ఆపాలన్నదే నా గొడవ. ఒకాయన ఇంట్లో చెక్క బ్రాకెట్ల మీద ఏడు పొరల పెయింటు ఆరు వారాలు కూర్చుని గీకాను. నెమలి మెడ మీద ఈకల గీతలు కూడా బయటపడ్డాయి. 'వెనక చిన్న మార్పే' అని అనుమతి తెచ్చుకున్నాడు. ఎనిమిది నెలల తర్వాత వెళ్తే ముందు గోడ ఒక్కటే ఇనుప ఊతల మీద సినిమా సెట్టులా నిలబడి ఉంది. 'ఒక్క లిఫ్టే కదా' అంటే నాకు అదే గుర్తొస్తుంది.

మూడోమెట్టు:
ఆయన మీది కోపం నా మీద చూపిస్తే ఎలా? సరే, ఉన్నమాట చెప్తాను. లిఫ్ట్ ఇచ్చినా నాకు చాలదు. అసలు ఆ జాబితాలోంచి మా ఇల్లు తీసేయాలి. పక్కింటివాళ్లు అమ్ముకుని హాయిగా వెళ్లిపోయారు. మా ఇంటికి కొనేవాడే రాడు. దారిన పోయేవాళ్లు ఫొటోలు తీసుకుంటారు, కప్పు కారితే డబ్బు నాది. అందరి ఆస్తి అయితే అందరూ చందా వేసుకోవాలి.

డంగుసున్నం:
అదీ సంగతి! అంటే లిఫ్ట్ సాకన్నమాట.

మూడోమెట్టు:
మా అమ్మ సాకు కాదు. నోరు అదుపులో పెట్టుకోండి.

డంగుసున్నం:
ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి కాదు.

వాయిదాల_లాయరు:
ఇద్దరూ ఇప్పటికి అసలు విషయానికి వచ్చారు. న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద ఆకాశహర్మ్యం కడతామంటే నగరం ఒప్పుకోలేదు. యజమాని అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1978లో ఓడిపోయాడు. స్టేషన్‌ను ఎప్పటిలాగే నడుపుకోవచ్చు కదా, పైన వాడుకోని నిర్మాణ హక్కును దగ్గర్లోని స్థలాలకు బదలాయించుకునే వీలూ ఉంది కదా అన్నది కోర్టు చూపిన కారణాల్లో ఒకటి. అంటే ఆంక్ష పెట్టేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పెట్టాలి.

మూడోమెట్టు:
అది రైల్వే కంపెనీ. వాళ్లకు చుట్టూ స్థలాలున్నాయి. నా చేతిలో ఏం పెట్టారు? నోటీసు.

డంగుసున్నం:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. అమెరికాలోనే చారిత్రక భవనం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం పన్ను రాయితీ ఉంది. అదీ అద్దెకో వ్యాపారానికో వాడితేనే, సొంతంగా ఉండే ఇంటికి రాదు. అయినా డబ్బివ్వలేదు కాబట్టి కూల్చుకోనివ్వాలి అంటే ఒప్పుకోను. కూల్చాక డబ్బిచ్చినా ఆ ఇల్లు తిరిగి రాదు.

చల్లగాలి:
మెట్ల జోలికి పోకుండా వెనక వైపు పెట్టలేరా?

మూడోమెట్టు:
వెనక వసారా ఉంది. వెడల్పు నాలుగడుగుల పైచిలుకు.

డంగుసున్నం:
వసారా దాటి బయట, గోడ మీద బరువు పడకుండా సొంత ఇనుప స్తంభాల మీద నిలబడే చిన్న లిఫ్ట్ పెట్టొచ్చు. రేపు వద్దనుకుంటే విప్పేయొచ్చు. పైన తలుపు కోసం ఒక కిటికీ కింది గోడను నేల దాకా కోయాలి, అంతే. ఇలా ప్లాను మార్చి ఇస్తే కాదనడం వాళ్లకు కష్టం. వసారా వాసాలు గోడకు అడ్డంగా ఉన్నాయా, నిలువుగానా?

మూడోమెట్టు:
పొద్దున చూసి చెప్తాను. జాబితా విషయంలో నా మాట మారదు.

డంగుసున్నం:
నాదీ మారదు. వాసాల ఫొటో పెట్టండి.

కిటికీ_రెక్క:
ఇంతకీ సిమెంటు మీద సున్నం వేస్తే సరిపోతుందా?

డంగుసున్నం:
సరిపోదు. ముందు సిమెంటంతా ఊడగొట్టాలి.