టారో యాప్‌లో ఒక్క కార్డూ తలకిందులుగా రావట్లేదు, సాయం చేయండి

చెరువుగట్టు (హనుమకొండ): సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టాను, ఇప్పుడు పదిన్నర. నేను పేగన్ పద్ధతి పాటిస్తాను, అంటే యూరప్‌లో క్రైస్తవానికి ముందున్న దేవతల ఆరాధన లాంటిది. పౌర్ణమి కదా అని డాబా మీద దీపం పెట్టుకుని ఫోన్‌లో టారో, అంటే జోస్యం చూసే బొమ్మల పేక, తీస్తున్నాను. మూడేసి కార్డులు, 40 సార్లు తీసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తలకిందులుగా వస్తే కార్డుకు అర్థం మారుతుంది, అలా ఒక్కటీ రాలేదు. అంతా కూలిపోతుందని చెప్పే టవర్ కార్డు మాత్రం ఆరుసార్లు! హైదరాబాద్ ఉద్యోగానికి ఒప్పుకోవాలా అన్నది ప్రశ్న, శనివారంలోపు చెప్పాలి. యాప్ తీసేసి మళ్లీ వేశాను. ఒకటే టెన్షన్. దేవతకు కోపమొచ్చిందా, ఫోన్‌లో తప్పుందా?

కాజీపేట జంక్షన్: ఏ యాప్?

ఐనవోలు: చెల్లె, ఒక్క ప్రశ్న 40 సార్లు అడుగుతారా? మా మల్లన్న జాతరలో శివసత్తికి పూనకం వచ్చినప్పుడు ఒక్కసారి అడుగుతాం, చెప్పింది కళ్లకద్దుకుంటాం. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో రంగం, అదే భవిష్యవాణి, చూడు. బోనాల మర్నాడు అమ్మ పూనినామె పచ్చికుండ మీద నిలబడి చెబుతుంది, మళ్లీ ఏడాది దాకా లేదు. ఫోన్‌కు పూనకం వస్తదా?

పాతపేక: టారో పూనకం కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో అది పేకాట. జోస్యానికి బాగా వాడింది 18వ శతాబ్దంలో, ఫ్రాన్స్‌లో. ఇంకోటి, పేగన్ అనే మాట లాటిన్‌లో పల్లెటూరి మనిషికి వాడేది, తర్వాత క్రైస్తవులు తమ మతంలో లేనివాళ్లను అలా పిలిచారు.

ఐనవోలు: అయితే మమ్మల్నీ అదే అంటారా? మా దేవుడికి పేరుంది.

పాతపేక: మిమ్మల్ని అనలేదన్నా. కానీ మేడారంలో విగ్రహం లేదు, సమ్మక్క కుంకుమ భరిణెగా గద్దెకు వస్తుంది. అమ్మ భరిణెలో వస్తుందని నమ్మే మనం ఫోన్‌లో రాదని ఎట్లా అంటాం?

ఐనవోలు: చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు ఉపవాసాలుండి తెస్తారు దాన్ని. ఫోన్‌ను ఎవరు తెచ్చారు?

కాజీపేట జంక్షన్: అసలు సంగతికి రండి. కప్పులు, కత్తులు, కర్రలు, నాణేలు అని నాలుగు రంగుల చిన్న కార్డులుంటాయి, అవి వచ్చాయా?

చెరువుగట్టు: రాలేదన్నా. పెద్ద ప్రశ్నకు పెద్ద కార్డులే వస్తాయనుకున్నాను.

కాజీపేట జంక్షన్: ఇది ముందే చెప్పాలి. పేకలో 78 ఉంటాయి, నీ యాప్ 22 పెద్ద కార్డులే తీస్తోంది. 120 కార్డుల్లో టవర్ ఆరుసార్లు రావడం 22లో మామూలే, 78లో అయితే ఒకటి రెండుసార్లు. ఫోన్ కార్డులు కలపదు, ఒక అంకె ఎంచుకుంటుంది. తలకిందులకు ఇంకో అంకె కావాలి, అది ఆపేసి ఉంటే వెయ్యిసార్లు తీసినా రాదు. సెట్టింగ్స్‌లో మొత్తం 78 కార్డులు, తలకిందులు, ఈ రెండూ ఆన్‌లో ఉన్నాయా చూడు.

చెరువుగట్టు: అవును, రెండూ ఆఫ్‌లో ఉన్నాయి, ఆన్ చేశాను. ఇప్పుడు మొదటిదే తలకిందులుగా వచ్చింది, కప్పుల ఐదు. థ్యాంక్స్ అన్నా. చార్జింగ్ 4 శాతమే ఉంది, ఉంటాను.

ఐనవోలు: ఉద్యోగం సంగతి ఏం చేస్తున్నావు చెల్లె?

పాతపేక: కప్పుల ఐదు తలకిందులంటే పోయినదాన్ని వదిలి కదలడం అంటారు. కానీ తలకిందుల అర్థాలు చదవనివాళ్లూ చాలామంది ఉన్నారు. ఆ గొడవ రేపు రాస్తాను.