కీర్తన 1:3లో “ఆకు వాడక” అంటే ఏమిటి?

అమలాపురం నుంచి ప్రశ్న:
మా సండే స్కూల్లో ఈ నెల కంఠతా వాక్యం మొదటి కీర్తన మూడో వచనం. “అతడు నీటికాలువల యోరను నాటబడినదై ఆకు వాడక తన కాలమందు ఫలమిచ్చు చెట్టువలె నుండును.” ఒక పిల్లాడు లేచి, “టీచర్, ఆకు ఎందుకు వాడకూడదు? మనం అరిటాకులో భోంచేస్తాం కదా” అన్నాడు. క్లాసంతా నవ్వులు. నాకూ నవ్వొచ్చింది గానీ, పిల్లలు వచనం గడగడా అప్పజెప్పేస్తూ లోపల ఇంకేదో అనుకుంటున్నారని అప్పుడే తెలిసింది. “వాడక”, “యోరను”, పై వచనంలో “దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు” అన్నచోటి “ధ్యానించువాడు”, ఈ మూడూ కాస్త విడమర్చి చెప్పండి. బైబిలు చదివితే ఆత్మీయంగా ఎదుగుతాం అని చెప్పే పాఠమిది. ఎలా ఎదుగుతామో ఈ వచనంలోంచే చెప్పాలని ఉంది.

పాలకొల్లు:
పిల్లాడి తప్పేం లేదమ్మా. తెలుగులో వాడు అనే క్రియలు రెండున్నాయి. ఒకటి ఉపయోగించడం. రెండోది వడలిపోవడం: పూలు వాడాయి, మొహం వాడిపోయింది అంటాం కదా, అది. వ్యతిరేక క్త్వార్థంలో, అంటే “చేయకుండా” అని చెప్పే రూపంలో, రెండూ “వాడక” అనే అవుతాయి. ఇక్కడ రెండోది, ఆకు వడలిపోకుండా అని. ఇక ఓర అంటే అంచు, పక్క. తలుపు ఓరగా వేయడం, ఓరచూపు అందులోవే. “కాలువల” తర్వాత “ఓరను” వచ్చింది కాబట్టి మధ్యలో యడాగమం, అంటే “య్” వచ్చి చేరి “యోరను” అయ్యింది. మన ఊళ్లలో అయితే కాలువ గట్టు అనేస్తాం. “ధ్యానించువాడు” సంగతి బైబిలు బాగా తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

భీమవరం:
నాదో అనుమానమండి. మూలంలో నది అనే ఉండి ఉంటుంది. తర్జుమా చేసినవాళ్లు కాటన్ దొర కాలువలు చూసి “నీటికాలువ” అని మన డెల్టాకి తగ్గట్టు మార్చి ఉంటారు. ఆయ్, మన గోదారోళ్లకి అలా అనుకోవడం బాగానే ఉంటుంది మరి!

నరసాపురం:
భీమవరం వారి ఊహ సరదాగా ఉంది గానీ నిలవదండి. కాలువ అనే మాట కాటన్ కంటే చాలా పాతది. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. తెలుగులో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లోనే బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. మా నరసాపురం, పాలకొల్లు వైపు పనిచేసిన మిషనరీలు బౌడెన్, బీర్ ఇండియాకి వచ్చింది 1836లో, అదీ ఆనకట్టకి ముందే. అసలు సంగతేమిటంటే, ఇక్కడ హీబ్రూలోనే కాలువ అని ఉంది. మూలంలో మాట “పల్గే మాయిమ్”. నదికి వాళ్లకి “నహర్” అని వేరే మాట ఉంది. “పెలెగ్” ధాతువుకి విభజించడం అని అర్థం. ఆదికాండం 10:25లో పెలెగు అనే పేరు ఎందుకొచ్చిందో చూడండి, అతని దినాల్లో భూమి విభాగింపబడింది కాబట్టి అని రాసి ఉంటుంది. అంటే నీటిని పంచి, తీసుకెళ్లిన పాయ. సామెతలు 21:1లోనూ ఇదే మాట: “యెహోవా చేతిలో రాజు హృదయము నీటి కాలువలవలె నున్నది.” ఆ వెంటనే, తన చిత్తం చొప్పున దాన్ని తిప్పుతాడు అని వస్తుంది. తిప్పగలిగేది కాలువనే.

“నాటబడినదై” కూడా ఊరికే రాలేదు. అక్కడున్న “షాతూల్”కి ఒకచోటి నుంచి తెచ్చి ఇంకోచోట నాటడం అని చాలామంది పండితులు అర్థం చెబుతారు. మనకి ఇది వివరించాల్సిన పనే లేదు, ఊడ్పులు చూసిన పిల్లలకి తెలుసు. విత్తు గాలికి వచ్చి పడి మొలిచిన చెట్టు కాదు. ఎవరో నీళ్లు ఎక్కడున్నాయో చూసి తెచ్చి పెట్టిన చెట్టు.

ఇందులోంచి వాక్య పఠనం గురించి నాకు అర్థమైంది చెబుతాను. ఈ చెట్టు వాన మీద ఆధారపడలేదు. మన సంఘాల్లో చాలామంది భక్తి వాన భక్తి. ఉజ్జీవ కూటాలు మూడు రోజులు పెడతారు, మైకుల్లో వాక్యం కుండపోతగా కురుస్తుంది, ఏడుస్తాం, తీర్మానాలు చేసుకుంటాం. నాలుగో రోజు టెంట్లు విప్పేస్తారు. మళ్లీ ఏడాది దాకా బైబిలు బీరువా మీద ఉంటుంది. కూటాలు వద్దనట్లేదు, నేనూ వెళ్తాను. కానీ కీర్తనకారుడు “దివారాత్రము” అన్నాడు. కొంచెం కొంచెంగా, రోజూ, ఆగకుండా. కాలువ పారేది అలాగే కదా. చెట్టు ఎదుగుతున్నట్టు ఏ ఒక్క రోజూ కనపడదు. “తన కాలమందు” ఫలమిచ్చు అన్నాడు, మర్నాడు అనలేదు.

ఇక ధ్యానించడం. ఈ మాట వినగానే కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడం గుర్తొస్తుంది. హీబ్రూ క్రియ “హగా” అలాంటిది కాదు, అందులో చప్పుడుంది. యెషయా 31:4లో సింహం తనకు దొరికిన వేట మీద గర్జించడానికి ఇదే క్రియ. యెషయా 38:14లో హిజ్కియా గువ్వలా మూల్గాను అన్నదానికీ ఇదే. రెండో కీర్తన మొదటి వచనంలో జనములు “వ్యర్థమైనదాని తలంచుచున్నవి” అన్నచోట మళ్లీ ఇదే. యెహోషువ 1:8 తీసుకోండి. మన బైబిల్లో “ఈ ధర్మశాస్త్రగ్రంథమును నీవు బోధింపక తప్పిపోకూడదు” అని ఉంది. మూలంలో “నీ నోటినుండి తొలగిపోకూడదు” అని. దాని వెంటనే “దివారాత్రము దాని ధ్యానించినయెడల” అని వస్తుంది. నోరు, ధ్యానం పక్కపక్కనే ఉన్నాయి. అంటే సన్నగా పైకి అనుకుంటూ, మళ్లీ మళ్లీ అనుకుంటూ ఉండడం. మన మాటల్లో దీనికి దగ్గరివి మననం, వల్లె వేయడం. (నెమరువేయడం అని ప్రసంగాల్లో చెబుతుంటారు. మంచి మాటే గానీ వాడి వాడి అది వాడిపోయింది.)

అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో యెషయా గ్రంథం చదువుతుంటే ఫిలిప్పు పరుగెత్తుకు వెళ్లి “వింటాడు”. పైకి చదివాడు కాబట్టే వినపడింది. పాతకాలంలో చదవడమంటే ఎక్కువగా అదే.

అందుకని టీచర్ గారూ, పిల్లలకి చెప్పేటప్పుడు ఈ కీర్తనంతా, ఆరు వచనాలే కదా, వారం రోజులు నోటితో చదివించండి. పరీక్ష పెట్టకండి. ఎవరికి ఏ మాట దగ్గర ఆగాలనిపించిందో మాత్రం అడగండి.

కాకినాడ:
అన్నా, నేను యాప్‌లో ఏడాది ప్లాన్ పెట్టుకుని చదువుతున్నాను. రోజుకి మూడు, నాలుగు అధ్యాయాలు. బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో వింటాను కూడా. మీ లెక్కన ఇది ధ్యానం కాదా? టెన్షన్ పెట్టేశారు.

నరసాపురం:
కంగారు పడకు తమ్ముడూ. మొత్తం చదవడం కావాల్సిందే. 66 పుస్తకాల్లో 1,189 అధ్యాయాలు, మూడు చొప్పున చదివినా ఏడాదికి కొన్ని మిగులుతాయి. ఆదికాండం, నిర్గమకాండం కథలు కాబట్టి సాఫీగా పోతాయి. జనవరి నెలాఖరుకి లేవీయకాండంలో అడుగుపెడతాం, బళ్లు ఎక్కువగా దిగబడేది అక్కడే. ఆ ప్లాన్ ఏ వచనం ఎక్కడిదో, ఎవరితో ఎందుకు అన్నదో తెలియడానికి. ఇంకో పూట, ప్లాన్‌తో సంబంధం లేకుండా, ఒక చిన్న భాగం పైకి చదువు. టిక్కు పెట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి మొదట్లో ఏదో వెలితిగా ఉంటుంది. పర్లేదు.

ఎందుకంటే లోపలికి వెళ్లింది అవసరమైనప్పుడు బయటికి రావాలి. మత్తయి 4లో ప్రభువు నలువది దినాలు ఉపవాసమున్న తర్వాత శోధకుడికిచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల్లోవే. “మనుష్యుడు రొట్టెవలన మాత్రము కాదుగాని” అన్నది 8:3. అరణ్యంలో గ్రంథపు చుట్ట విప్పి వెతికి చెప్పినట్టు ఎక్కడా లేదు. అవి నోట్లో ఉన్నాయి. సిలువ మీద “ఏలీ, ఏలీ, లామా సబక్తానీ” (నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచావు) అన్నది 22వ కీర్తన మొదటి మాట. అంత బాధలో మనిషికి కొత్త మాటలు పుట్టవు, ముందు నుంచి లోపలున్నవే వస్తాయి. బైబిలు పోషిస్తుంది అంటే నాకు మొదట తోచేది ఇదే. సమాచారం పెరగడం కాదు.

రాజోలు:
ఇదంతా చదువుకున్నోళ్ల సంగతండీ. మా అమ్మకి అక్షరం ముక్క రాదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మా నాన్నగారు చదివేవారు, ఈవిడ బియ్యంలో రాళ్లేరుకుంటూ వినేది. ఇప్పుడు 23, 91, 121 కీర్తనలు ఒక్క మాట పొల్లుపోకుండా చెబుతుంది. పనిలో ఉంటే తనలో తను అనుకుంటూనే ఉంటుంది. మేం చదువుకుని బైబిలు ముందేసుకుంటాం, పది నిమిషాలకి ఫోన్ చూస్తాం.

నరసాపురం:
అక్కా, “హగా”కి మీ అమ్మగారి కంటే మంచి నిఘంటువు దొరకదు నాకు. రోమా 10:17 “వినుట వలన విశ్వాసము కలుగును” అంటుంది, చదువుట వలన అనలేదు. అచ్చు బైబిళ్లు ఇంటింటికీ వచ్చింది మొన్నమొన్ననే. అంతకు ముందు సంఘం అంతా ఎక్కువగా విని బతికిందే. అమ్మగారికి ఇంకో లాభం కూడా ఉంది. పాత తర్జుమాలోని గ్రాంథికం కంటికి కష్టంగానీ చెవికి హాయి. “నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది”, ఈ నడక పట్టుకుంటే వదలదు. అర్థం కోసం వాడుక భాషలోని తర్జుమా పక్కన పెట్టుకోండి, నోటికి రావడానికి మాత్రం పాతదే బాగుంటుందని నా అభిప్రాయం. దీనికి ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు.

తణుకు:
అదే వచనం చివర “అతడు చేయునదంతయు సఫలమగును” అని ఉంది కదా. మా చర్చిలో డిసెంబర్ 31 రాత్రి వాగ్దానం కార్డులు తీస్తాం. ఒకసారి మా అబ్బాయికి ఇదే వచ్చింది. వీసా గ్యారంటీ అనుకున్నాం. రిజెక్ట్ అయ్యింది. వాడు బైబిలు ముట్టుకోవడం మానేశాడు. ఏం చెప్పాలో తెలియట్లేదు.

నరసాపురం:
ఇది కష్టమైన సంగతేనండి. అబ్బాయిని తప్పుపట్టలేను. ఒక వచనాన్ని కార్డుగా కత్తిరించి చేతిలో పెట్టాక, దాని ముందూ వెనకా ఏముందో ఎవరూ చెప్పరు. “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు” అనే యిర్మీయా 29:11 కార్డు మన ఇళ్లలో ఎన్ని గోడల మీద ఉందో! దాని ముందు వచనంలో డెబ్బది సంవత్సరాల తర్వాత అని ఉంది. బబులోను చెరలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరం అది. విన్నవాళ్లలో చాలామంది తిరిగి వచ్చి చూడలేదు.

మొదటి కీర్తనకి జవాబు చెప్పే కీర్తన బైబిల్లోనే ఉంది. 73వది. అందులో కీర్తనకారుడు ఆసాపు భక్తిహీనుల క్షేమం చూసి కుళ్లిపోతాడు. “నా పాదములు జారుటకు కొంచెమే తప్పెను” అంటాడు. నా హృదయాన్ని శుద్ధి చేసుకోవడం వ్యర్థమే అని కూడా అంటాడు. అతడు చేసినదంతా సఫలం కాలేదు, పక్కవాడిది అయ్యింది. ఆ మాటలు చెరిపేయకుండా కీర్తనల్లో ఉంచారు. అబ్బాయికి ఇప్పుడు ఒకటో కీర్తన చెప్పకండి. 73 ఇవ్వండి, అదీ మీరు వివరించకుండా. తన కోపం లాంటి కోపం అందులో కనిపిస్తే తనే చదువుతాడేమో. ఒక్క వచనం పట్టుకుని బతికేవాడికి ఇది దొరకదు. మొత్తం చదవమనేది ఇందుకే.

ఆచంట:
నేను వ్యవసాయం చేసేవాణ్ణి. ఒక మాట అడుగుతాను. వేసవిలో కాలువలు కట్టేస్తారు. లాకులు బాగుచేస్తారు, పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగుతారు. అన్ని రోజులు కాలువ ఎండిపోయి ఉన్నా గట్టు మీద కొబ్బరి చావదు. మరి మనిషికి కూడా చదివినా ఏమీ అనిపించని రోజులు వస్తాయి కదండీ. నాకు మా ఆవిడ పోయాక అలాగే ఉంది. తెరుస్తాను, చదువుతాను, మూసేస్తాను.

నరసాపురం:
బాబాయ్ గారూ, మీరు అడిగినదానికి యిర్మీయా 17:8 దగ్గరగా ఉంటుంది. ఇదే చెట్టు మళ్లీ వస్తుంది అక్కడ. “అది కాలువల ఓరను దాని వేళ్లు తన్నును, వెట్ట కలిగినను దానికి భయపడదు.” వర్షం లేని సంవత్సరాన కూడా కాపు మానదు అని ముగుస్తుంది. యిర్మీయా వెట్ట, అంటే ఎండవేడి, రాదని చెప్పలేదు. మీరు గట్టు మీద చూసింది ఆయనా చూశాడు, వేళ్లు లోపలికి పోయి ఉంటే పైన నీళ్లు కనపడకపోయినా కొన్నాళ్లు నడుస్తుంది. దానికి రెండు వచనాల ముందు ఎడారిలోని చెట్టు, చవిటిభూమి గురించి ఉంది. సముద్రం వైపు పొలాలు తెలిసిన మీకు ఆ మాట నేను చెప్పక్కర్లేదు.

మీరు తెరిచి, చదివి, మూసేయడం తక్కువేం కాదు. ఏమీ అనిపించకపోతే అలాగే కానివ్వండి, తెచ్చిపెట్టుకోకండి. వీలైతే 88వ కీర్తన చదవండి. అందులో ఓదార్పు రాదు, చివరి మాట కూడా “చీకటియే నాకు బంధువర్గమాయెను” అని. ప్రార్థనలో ఆ మాట అనొచ్చని బైబిలే ఒప్పుకుంది. మీ సంఘంలో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించుకోండి. చదివేవాళ్లకి ఒక్క మాట ముందే చెప్పండి: అయిపోయాక ధైర్యం చెప్పడానికి ఇంకో వచనం అతికించొద్దని.