పైరాక్సీన్ పేరు మార్చాలా, వద్దా? శాస్త్రంలో మిగిలిన నిప్పు పేర్ల మీద చర్చ

నల్లరాయి:
గ్రీకు భాషలో 'పైర్' అంటే నిప్పు. పైరైట్, పైరోమీటర్, పైరోలుసైట్, పైరువేట్ వంటి పదాలన్నీ అక్కడి నుంచి వచ్చినవే. వీటిలో ఒక్క పేరు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. అది పైరాక్సీన్, అగ్నిపర్వత రాళ్లలో కనిపించే ఒక ఖనిజ కుటుంబం పేరు. 1796లో ఫ్రెంచి ఖనిజ శాస్త్రజ్ఞుడు రెనే జుస్ట్ ఆవీ ఈ పేరు పెట్టాడు. లావాలో కనిపించే ఆ స్ఫటికాలు ముందే ఎక్కడో ఏర్పడి, దారిలో లావాకు చిక్కాయని ఆయన నమ్మాడు. అందుకే 'పైర్'కు పరాయి అనే అర్థమున్న 'జెనోస్' చేర్చి 'నిప్పుకు పరాయిది' అన్నాడు. జరిగింది దానికి పూర్తిగా తిరగబడిన సంగతి. లావా చల్లారుతున్నప్పుడు అందులోనే ఇవి స్ఫటికాలుగా కడతాయి. ఫూకే, మిషెల్-లెవీ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1880ల నాటికే కొలిమిలో రాతిని కరిగించి, చల్లార్చి, పైరాక్సీన్‌తో సహా బసాల్టు అనే లావా రాతిని తయారు చేసి చూపించారు.

మా విద్యార్థులను తూర్పు కనుమలకు తీసుకువెళ్లి చార్నొకైట్ చూపిస్తాం. భూమి లోతుల్లో విపరీతమైన వేడికి లోనైన రాయి అది. దానికి గుర్తింపే అందులోని పైరాక్సీన్. అంత వేడిలో పుట్టినదాన్ని నిప్పుకు పరాయిదని పిలవమని చెప్పడం నాకు మనసొప్పదు. పేర్లు మార్చడం అసాధ్యమేమీ కాదు. 1988లో అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం ఈ కుటుంబంలో 20 పేర్లను ఉంచి 105 పేర్లను తొలగించింది. అంత కోత కోసినవారు తలకట్టు పేరును మాత్రం ఎందుకు వదిలేశారు?

రసశాల:
నల్లరాయి గారూ, ఈ లెక్కన ముందుగా మార్చవలసింది ఆక్సిజన్ పేరు. ప్రతి ఆమ్లంలోనూ అది ఉంటుందని నమ్మి లావోసియే 'ఆమ్లాన్ని పుట్టించేది' అన్న అర్థంలో ఆ పేరు పెట్టాడు. ఈనాడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం అంటున్న దానిలో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ చెప్పాడు. మన పాత పాఠ్యపుస్తకాలు ఆ పొరపాటును అలాగే తెచ్చుకుని 'ఆమ్లజని' అన్నాయి. అయినా ఈ రెండు వందల ఏళ్లలో ఆ పేరు చూసి రసాయన శాస్త్రం తప్పుదారి పట్టలేదు.

నా రంగంలోదే పైరువేట్ తీసుకోండి. 1830ల్లో స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ ద్రాక్షలో ఉండే టార్టారిక్ జాతి ఆమ్లాన్ని కాల్చి, బట్టీ పట్టి దాన్ని రాబట్టాడు. నిప్పుకు 'పైర్', ద్రాక్షకు లాటిన్‌లో 'ఊవా', రెండూ కలిసి ఆ పేరైంది. ఇప్పుడు దాదాపు ప్రతి జీవకణంలో గ్లూకోజు విచ్ఛిన్నమై చివరికి పైరువేట్‌గా తేలుతుందని పాఠం చెబుతాం. మన ఒంట్లో నిప్పూ లేదు, ద్రాక్షా లేదు. ఎవరికీ అయోమయం కలగలేదు. డీఎన్‌ఏలోని సైటోసిన్, థైమిన్ పిరిమిడిన్ వర్గానివి. ఆ పేరును వెనక్కి తవ్వితే పిరిడిన్ దగ్గరికీ, అక్కడి నుంచి ఎముకలను కాల్చి తీసిన నూనె దగ్గరికీ వెళతాం. ఇవన్నీ మార్చుకుంటూ కూర్చుంటే ఎక్కడ ఆగుతాం?

కొలిమి:
మీరిద్దరూ ఒకే మూట కట్టేస్తున్నారు గాని, నిప్పు పేర్లన్నీ ఒక రకం కావు. పాతకాలపు ఖనిజ పరీక్షకుడి చేతిలో ఉన్నవి దీపం, ఊదుగొట్టం. కంసాలి ఊదినట్టే మంటను రాయి మీదికి ఊది, ఏం జరుగుతుందో చూసి ఖనిజాన్ని పోల్చుకునేవాడు. చాలా పేర్లు ఆ పరీక్ష ఫలితాలే. పైరోఫిల్లైట్‌ను వేడి చేస్తే రేకులుగా విచ్చుకుంటుంది, 'ఫిల్లోన్' అంటే ఆకు. పైరోమార్ఫైట్ అనే సీసపు ఖనిజాన్ని కరిగిస్తే ఆ బొట్టు చల్లారుతూ పలకలు తేలుతుంది. అందుకే ఆ పేరులో 'రూపం' ఉంది. ఈ రోజు మీరు ఊది చూసినా అదే జరుగుతుంది. 1827లో హైడింగర్ పేరు పెట్టిన పైరోలుసైట్ మరీ నచ్చుతుంది నాకు. నిప్పుతో కడిగేది అని అర్థం. గాజులో ఇనుము ఉంటే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. కొద్దిగా ఈ మాంగనీస్ ఖనిజం వేసి కరిగిస్తే ఆ ఛాయ పోతుంది. విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి వైపు తవ్విన మాంగనీస్ ఖనిజాల్లో పైరోలుసైట్ ఒకటి. ఆ పేరు విన్నవాడికి ఆ నల్లటి ఖనిజం ఎందుకు పనికొస్తుందో తెలిసిపోతుంది.

పనిని బట్టి పెట్టిన పైరోమీటర్ వంటి పేరు మరీ గట్టిది. 1782లో జొసయా వెడ్జ్‌వుడ్ తన కుండల బట్టీల వేడి కొలవడానికి మట్టి ముక్కలను వాడాడు. వేడికి అవి ఎంత కుంచించుకుంటే అన్ని డిగ్రీలు. ఆయన లెక్క ప్రకారం పోత ఇనుము కరగడానికి దాదాపు 10,000 డిగ్రీల సెల్సియస్ కావాలి! నిజానికి 1,200 చాలు. ఆ పద్ధతి పోయింది, తర్వాత వచ్చిన పద్ధతులూ మారాయి. ఇప్పుడు ఉక్కు కర్మాగారంలో కొలిమికి దూరంగా నిలబడి వెలుగును బట్టి వేడి కొలుస్తున్నారు. పరికరం పేరు మాత్రం ఇప్పటికీ పైరోమీటరే. చేసే పని అదే కాబట్టి పేరు నిలిచింది.

నల్లరాయి:
కొలిమి గారు చెప్పిన తేడాయే నా వాదనకు ఆధారం. పరీక్షను చెప్పే పేరు ఉండాలి, పనిని చెప్పే పేరు ఉండాలి. పైరువేట్ కూడా ఉండనివ్వండి. అది ఎలా దొరికిందో చెబుతోంది, ఆ మాట ఇప్పటికీ నిజమే. పైరాక్సీన్ చెప్పేది పరీక్షా కాదు, పనీ కాదు. అది రాయి పుట్టుకను గురించిన ఒక సిద్ధాంతం, కూలిపోయిన సిద్ధాంతం. 1787లో లావోసియే, గిటన్ ద మోర్వో, బెర్తొలే, ఫూర్‌క్రువా కలిసి రసాయన పదాలను తిరగరాసినప్పుడు మండే వస్తువుల్లో ఉంటుందని అప్పట్లో ఊహించిన ఫ్లాజిస్టన్ అనే పదార్థాన్ని మోసే పేర్లను తీసేశారు. ఆక్సిజన్‌ను ప్రీస్ట్‌లీ 'ఫ్లాజిస్టన్ పోయిన గాలి' అన్నాడు, ఇప్పుడు ఎవరైనా అలా పిలుస్తున్నారా? అప్పుడు చేయగలిగిన పని ఇప్పుడు ఎందుకు కూడదు?

రసశాల:
1787లో రసాయన శాస్త్రం వయసెంత, దాని గ్రంథాలెన్ని? ఇప్పుడు ప్రతి భూగర్భ పటంలో, ప్రతి ప్రయోగశాల రికార్డులో పైరాక్సీన్ ఉంది. మీ 1988 ఉదాహరణనే చూడండి. అప్పుడు తొలగించిన పేర్లలో హైపర్‌స్థీన్ అనే ఒక రకం పైరాక్సీన్ పేరు ఒకటి. భూగర్భ శాస్త్రజ్ఞుడు థామస్ హాలండ్ కలకత్తాలో ఉన్న, ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి జాబ్ చార్నక్ సమాధి రాయిని బట్టి చార్నొకైట్ అని పేరు పెట్టినప్పుడు దాన్ని హైపర్‌స్థీన్ ఉన్న గ్రానైటుగానే వర్ణించాడు. ఇప్పుడు ఆ రాతిని చదివేవాడు పాత గ్రంథాల కోసం హైపర్‌స్థీన్ నేర్చుకోవాలి, కొత్తవాటి కోసం దానికి బదులు వాడే ఆర్థోపైరాక్సీన్ నేర్చుకోవాలి. పేరు తీసేస్తే భారం తగ్గలేదు, రెట్టింపైంది.

వజ్రకరూరు:
అనంతపురం జిల్లా వాడిని, ఒక్క సంగతి చెప్పాలి. మా వజ్రకరూరు కింబర్లైట్లలో, అంటే భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి తెచ్చే రాళ్లలో, క్రోమ్ డయాప్సైడ్ అనే పచ్చని పైరాక్సీన్ దొరుకుతుంది, ఎర్రని పైరోప్ అనే గార్నెట్ దొరుకుతుంది. వజ్రాలు వెతికేవాళ్లు మట్టిని జల్లించి చూసేది వీటి కోసమే. ఇవి చాలావరకు కింబర్లైట్ ద్రవంలో కట్టినవి కావు. భూమి లోపలి మాంటిల్ పొరలో ముందే ఏర్పడ్డాయి. ఆ ద్రవం పైకి దూసుకొస్తూ వీటిని ఊడబెరికి తెచ్చింది. అంటే ఆవీ చెప్పింది ఇక్కడ అక్షరాలా నిజం. ఈ పైరాక్సీన్ తన చుట్టూ ఉన్న నిప్పుకు పరాయిదే. 'నిప్పు కన్ను' అనే అర్థమున్న పైరోప్ కూడా అలాంటిదే, దానికి ఆ పేరు వచ్చింది రంగును చూసి. కాబట్టి ఆవీని ఊహాగానాల మనిషిగా తీసిపారేయకండి. ఆయన చెప్పిన ప్రక్రియ ప్రకృతిలో ఉంది.

నల్లరాయి:
వజ్రకరూరు గారూ, విలువైన మాట చెప్పారు. అయితే ఆవీ పేరు పెట్టింది కింబర్లైటును చూసి కాదు, మామూలు అగ్నిపర్వతాల లావాను చూసి. మన పక్కనే ఉన్న దక్కన్ బసాల్టు తీసుకోండి. అయిదు లక్షల చదరపు కిలోమీటర్లు పరుచుకుని, వికారాబాద్, ఆదిలాబాద్ వైపు మన దాకా వచ్చింది. అందులోని ఆగైట్ అనే పైరాక్సీన్ ఆ లావాలోనే పుట్టింది. ఎక్కువచోట్ల నిజం ఇదీ. పేరు ఎక్కువచోట్ల జరిగేదాన్ని చెప్పాలి.

రసశాల గారు చెప్పిన రెట్టింపు భారం నిజమైనదే, దాన్ని కాదనను. అందుకని ఇంతవరకు వస్తాను: పేరు మార్చడం అంతర్జాతీయ సంఘం పని, అది జరిగే వరకు డిగ్రీ పాఠ్యపుస్తకంలో పైరాక్సీన్ అధ్యాయం మొదటి పేరాలోనే ఆవీ ఏమనుకున్నాడో, అది లావా విషయంలో ఎందుకు తప్పో రాయాలి. ఇప్పుడు చాలా పుస్తకాలు అర్థం ఇచ్చి ఊరుకుంటున్నాయి. 'నిప్పుకు పరాయిది' అని ఒక వాక్యం, 'లావాలో స్ఫటికీకరణం చెందుతుంది' అని తర్వాతి వాక్యం. చదివిన పిల్లవాడు రెండూ కంఠస్థం చేసి పరీక్షలో రెండూ రాస్తాడు.

రసశాల:
ఆ పేరా చేర్చడానికి నాకు అభ్యంతరం లేదు. వజ్రకరూరు క్రోమ్ డయాప్సైడ్ గురించి కూడా అందులో రాయండి. పేరు మార్పు విషయంలో మాత్రం నా మాట మారదు.